ఊరికి ఉచితంగా ఇచ్చిన నీళ్లు

మొబైల్ ఫోన్లు పల్లెలకు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మైదుకూరు వైపు ఒక పెద్ద కంపెనీలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లకు కంపెనీ తరఫున ఏదైనా మేలు చేయడమే నా పని. సామాజిక బాధ్యత విభాగం అనేవారు.

ఒక ఊళ్లో బోరు నీళ్లు తాగి పిల్లల పళ్లన్నీ గారపట్టి ఉండేవి. అక్కడ చిల్లర అంగడి నడిపే ఒక శెట్టిగారి భార్య, తన కూతురి పళ్లు చూసి బాధపడి, అంగడి వెనకే నీళ్ల ఫిల్టరు పెట్టింది. బిందె నీళ్లు చవగ్గా అమ్మేది. మిషను కడగడం, బాగు చేయడం తనే నేర్చుకుంది.

ఊరికి ఫిల్టరు ఇస్తామని నేను చెబితే ఆమె ఒకటే అడిగింది.

"కొత్తది ఎందుకు సారూ? మిషను ఈడ ఉండనే ఉండాది. లేనోళ్ల నీళ్లకయ్యే కర్సు కంపెనీ ఇస్తే, నడిపేది నేను చూసుకుంటా. పక్క ఊర్లకు గూడా అందిస్తా."

ఆ మాట నాకు నచ్చింది. కాగితం మీద రాసి మేనేజరు ముందు పెట్టాను.

"ఆమె అంగట్లో మన పేరు ఎవరికి కనపడుతుంది?" అన్నాడాయన.

ఆమె అంగడి ముందే మన బోర్డు పెట్టొచ్చన్న జవాబు నా దగ్గర ఉంది. కానీ నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన నెల అది. సరేనని లేచి వచ్చాను.

బడి పక్కన గది కట్టి, పెద్ద బోర్డు పెట్టి, ఉచితంగా నీళ్లిచ్చాం. ప్రారంభం రోజు ఆమె కూడా వచ్చి ఒక గ్లాసు తాగింది. "బాగుండాయి సారూ," అంది. ఆ తర్వాత నీళ్లకు ఆమె దగ్గరికి ఎవరూ పోలేదు. కొన్నాళ్లు చూసి, మిషను బద్వేలు వాళ్లెవరికో అమ్మేసింది.

మరుసటి ఎండాకాలం మా మిషను ఆగిపోయింది. బాగు చేసేవాడు ఊళ్లో లేడు. బయటి నుంచి మనిషిని పిలిపించడానికి పై ఆఫీసు నుంచి అనుమతి రాలేదు. జనం మళ్లీ బోరు దగ్గరికే పోయారు. నేను సిగ్గు విడిచి ఆమె అంగడికి వెళ్లాను.

"అక్కా, మా మిషను మీరు చూసుకుంటారా?"

ఆమె శనగపప్పు పొట్లం కడుతూ తల అడ్డంగా ఊపింది. "ఇంక నాకు చేతగాదు సారూ." నా ముఖం చూసి మెత్తగా అంది: "మీరేం చేస్తారులే. నా కోసం శానా కొట్లాడింటారు. వాళ్లు ఇనింటే గదా."

ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. కొన్ని నెలలకు నన్ను కర్నూలు ఆఫీసుకు మార్చారు. నేను ఒక్క మాట కూడా కొట్లాడలేదన్న సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.