దుర్యోధనుడికి మా నాయన ముక్కు

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవి. అన్నం తిని, చెయ్యి కడుక్కోని, నీడ జరిగినప్పుడల్లా మంచం జరుపుకుంటూ ఎంతసేపు పడుకున్నా సాయంత్రం వచ్చేది కాదు. ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో కంచం ఎత్తేలోపలే కాఫీ వేళ అవుతుంది. మధ్యలో గుడ్డను ఎవరో కత్తిరించి, మిగిలింది కుట్టేసినట్టుంటుంది (నా చొక్కాలు కూడా అట్లే బిగుతైనాయి గానీ, దానికి కాలాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు). ఆ పొడుగాటి మధ్యాహ్నాల్లోనే నేను బొమ్మలు గీయడం నేర్చుకున్నాను. చిత్తూరు పక్క పల్లెవాణ్ణి కాబట్టి చిత్తరువులు నా జన్మహక్కని కాలేజీలో చెప్పుకోని తిరిగేవాణ్ణి. నవ్వినవాళ్ళు తక్కువే. అయినా మానలేదు.

మనిషి బొమ్మ గీయాలంటే ఎదురుగా ఒకరు కదలకుండా కూర్చోవాల. అమ్మను అడిగితే, "నేను కూసుంటా, పొయ్యి మింద పులుసు నువ్వు సూస్తావా?" అనేది. చెల్లెలు కూర్చున్నంతసేపూ నవ్వేది. ఊరంతా వెతికితే కదలని మనిషి ఒక్కడే దొరికినాడు, మధ్యాహ్నం పూట మా నాయన. ఆయనకు బస్సులు ఆగే చోట చిన్న చిల్లర అంగడి. తిన్నాక తలుపు ఓరగా వేసి, బియ్యం మూటల పక్క బల్లమీద వెల్లకిలా పడుకున్నాడంటే ఈగ వాలినా ఉలకడు. నిద్రలో కూడా ఎడమ కనుబొమ్మ పైకెత్తే ఉండేది, తక్కెడ ముల్లు చూస్తున్నట్టు. కింది పెదవి మాత్రం వ్యాపారం మాకెందుకులే అన్నట్టు కిందికి వాలేది. ఇక ముక్కు సంగతి. నాయన వీధిలో నడిచి వస్తుంటే అది ఒక అడుగు ముందే ఇంటికి చేరేది. ఆ మొహాన్ని ఎన్ని మధ్యాహ్నాలు గీసినానో నాకే తెలీదు. పెన్సిల్ గొరగొర, నాయన గురక, బెల్లం వాసన. ఇప్పటికీ బెల్లం వాసన కొడితే నాకు బొమ్మ గీయాలనిపిస్తుంది.

డిగ్రీ అయిపోయింది. తిరుపతికి పోయి బొమ్మల చదువు చదువుతానంటే ఆ కనుబొమ్మ మెలకువలోనే లేచింది. "గీతలు గీసుకోని యాడ బతుకుతావురా? అంగట్లో కూసో" అన్నాడు నాయన. నేను రెండు రోజులు అలిగి అన్నం మానేసినాను (అంటే ఇంట్లో మానేసినాను. మేనత్తోళ్ళింట్లో తిన్నాను).

సరిగ్గా అప్పుడే మా ఊర్లో భారతం వచ్చింది. మా పక్క ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. పగలంతా హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు పొద్దున గుడి ముందర మట్టితో దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెడతారు. పెద్దమనిషి అంటే అట్లుండాల. కాళ్ళ దగ్గర నిలబడితే కిరీటం కనపడదు. భీముడు గదతో తొడ పగలగొడితే లోపల దాచిన కుండలోనుంచి కుంకుమ నీళ్ళు చిమ్ముతాయి. ఆడవాళ్ళు మొక్కు తీర్చుకుంటా ఇల్లు ఊడ్చే పొరకలతో దుర్యోధనుణ్ణి నాలుగు బాదుతారు. అంతా అయినాక ఆ మట్టి తలా పిడికెడు తీసుకుపోయి వడ్లలో వేసుకుంటారు, మంచిదని. ఎప్పుడూ మొహం చేసే కుమ్మరి తాతకు ఆ ఏడు చెయ్యి విరిగింది. "అంగడాయన కొడుకు బొమ్మలేస్తాడంట కదా, వాణ్ణి పిలవండి" అన్నాడు గుడి పెద్ద. నాయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సరే. ఊరు మెచ్చితే తిరుపతికి పో. లేదంటే అంగడి తాళానికి ఈ బీగంచెవులు తీసుకో" అన్నాడు.

తెల్లారకముందే మొదలుపెట్టినాను. ఒళ్ళంతా ఊరివాళ్ళే కుప్ప పోసి తట్టినారు. మొహం నాది. తడి మట్టి చేతికి తగలగానే ఒక రకమైన మత్తు వచ్చింది. చుట్టూ ఎవరున్నారో, ఎండ ఎంతెక్కిందో తెలీలేదు. చేతులు వాటంతట అవే నడిచినాయి, అలవాటైన దారిలో ఎద్దులు నడిచినట్టు. సున్నం పూసి, మీసం దిద్ది, కిరీటం పెట్టి దూరంగా జరిగినాను. అప్పటికే గుడి పెద్ద కర్పూరం వెలిగించి హారతి ఇచ్చేసినాడు.

మొదట నోరు విప్పింది పూలమ్మే అవ్వ. "ఇదేందప్పా, కండ్లు మూసుకోని ఉండాడు? ఇంగా భీముడు రానేలేదే!" ఇంకొంచెం వంగి చూసింది. "అయ్యో రామా! ఈ ముక్కు మన అంగడాయనది కదంటే!"

మట్టిలో మాణిక్యం దొరుకుతుందంటారు. నాకు మా నాయన దొరికినాడు. ఎత్తిన కనుబొమ్మ, వాలిన పెదవి, ఆ ముక్కు, అన్నీ ఏనుగంత కొలతలో. జనం విరగబడి నవ్వుతుంటే నేను నీళ్ళ బిందె తీసుకోని మొహం చెరిపేదానికి పరిగెత్తినాను. గుడి పెద్ద చెయ్యి పట్టుకున్నాడు. "హారతి అయినాక తాకకూడదబ్బా. ఇప్పుడు ఆయన దుర్యోధనుడే." తిరుపతి బస్సు నా కళ్ళముందే నన్ను ఎక్కించుకోకుండా పోయినట్టనిపించింది.

అంతలో గోల విని నాయన రానే వచ్చినాడు. జనం దారి వదిలినారు. ఆయన ఈ చెవి దగ్గరనుంచి ఆ చెవి దాకా మెల్లగా నడిచి చూసినాడు. "నేను ఇట్లుంటానా?" అని అమ్మనడిగినాడు.

"నిద్రలో" అనింది అమ్మ.

నాయన తన ముక్కు ఒకసారి తడుముకున్నాడు. భీముడు గద తిప్పుకుంటూ దిగినాడు. ఆ భీముడు ఎవరో కాదు, మా మేనమామ. తొడమీద గద ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, "బావా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

"కొట్టబ్బా, కొట్టు. ఇట్లాంటి సందు నీకు మళ్ళా దొరకదు" అన్నాడు నాయన.

కుండ పగిలింది. ఆడవాళ్ళు పొరకలు ఎత్తినారు. అమ్మ మాత్రం పొరక పట్టుకోని నాయన వైపు చూస్తూ నిలబడింది. "పోవే, మొక్కు మొక్కే" అన్నాడాయన. అమ్మ మొదటి దెబ్బ భక్తితో వేసింది. రెండోది మొహమాటంతో వేసింది. మూడో దెబ్బ నుంచి ఆమెకు ఏవేవో గుర్తొచ్చినట్టుంది. మా చెల్లెలు పోయి చెయ్యి పట్టుకుంటేగానీ ఆగలేదు.

ఆఖరున జనం మట్టికి ఎగబడినారు. ఒకాయన ముక్కు పెల్లగించి తువ్వాల్లో వేసుకోబోతుంటే నాయన అడ్డం పోయినాడు. "అది ఈడ పెట్టప్పా. అది నాది." దాన్ని రెండు చేతులా ఎత్తుకోని అంగడికి తెచ్చి తక్కెడ పక్కన పెట్టినాడు. బీగంచెవులు నా చేతిలో పడతాయని నేను తల వంచుకోని నిలబడినాను. ఆయన ఆ ముక్కుకు అంటిన గడ్డిపోచను తీసేసినాడు. తరువాత అన్నాడు, "కదలకుండా ఉంటే ఎవుర్నైనా బొమ్మలోకి దించుతావురా నువ్వు. కదిలేవాళ్ళను దించేది నేర్చుకోని రా. పో."

పోయినాను. నేర్చుకున్నాను కూడా, కొంత. చాలా ఏండ్లు తిరుపతి సత్రాల గోడలమీద, హోటళ్ళ ముందర, దారి చూపించే చేతుల బొమ్మలు వేసినాను. వచ్చినవాళ్ళకందరికీ దారి చూపించిన వేళ్ళు నావే. ఫ్లెక్సీలు వచ్చి ఆ వేళ్ళను ముడిపించేసినాక ఒక బళ్ళో డ్రాయింగ్ మాస్టరుగా కుదురుకున్నాను. మెలకువగా ఉన్న నాయన బొమ్మ మాత్రం ఎప్పుడూ గీయలేదు. ఆయన కూర్చునేవాడు కాదు, నాకు తీరేది కాదు. తక్కెడ పక్కన ముక్కు ఎండి, బీటలిచ్చి, ఎప్పుడో బెల్లం మూటల దుమ్ములో దుమ్మైపోయింది. తరువాత నాయనా పోయినాడు.

మొన్న ఆదివారం తిని, కుర్చీలో కాళ్ళు చాపి అట్లే ఒక కునుకు తీసినాను. లేచేసరికి ఎదురుగా మా పాప, చేతిలో కాగితం. "కదలకుండా ఉండేది మన ఇంట్లో నువ్వొక్కడివే నాన్నా" అనింది. చూసినాను. ఎడమ కనుబొమ్మ పైకెత్తి ఉండాది. కింది పెదవి వాలిపోయి ఉండాది. ముక్కు సంగతి చెప్పనక్కర్లేదు.

"బాగలేదా?" అనింది పాప.

"బాగుండాది. కిరీటం ఒకటి పెట్టమ్మా" అన్నాను.

"కిరీటమా? ఎందుకు?"

చెప్పేదానికి నోరు తెరిచేలోపల వంటింట్లోనుంచి మా ఆవిడ పొరక పట్టుకోని వచ్చింది. "కాళ్ళు తీయండి, ఊడ్చాల." అంత తొందరగా నేను తొడలు ఎందుకు ముడుచుకున్నానో వాళ్ళిద్దరికీ అర్థం కాలేదు.