పక్కింట్లో వెలిగిన బల్బు

"మేడమ్మా, మీ సోలార్ పుణ్యమాని మా ఇంట్లో గూడా లైటు ఎలుగుతాండాది" అని నరసమ్మ గోడ అవతలి నుంచి సంబరంగా చెప్పింది. ఆ సమయంలో ఆ వీధిలో కరెంటు ఉండకూడదు. ఎదురుగా లైన్‌మన్ బాషా స్తంభం ఎక్కుతున్నాడు.

ఇది రెండేళ్ల కిందటి వేసవిలో, శింగనమల దగ్గరి ఒక పల్లెలో జరిగింది. అప్పుడు నేను ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించే ఒక చిన్న సంస్థలో సైట్ ఇంజనీరును. పిల్లలిద్దరినీ అమ్మ దగ్గర వదిలి స్కూటీ మీద ఊళ్లు తిరిగేదాన్ని. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేశాను.

ప్రభుత్వ రాయితీ ఎలా వస్తుందో చాలామంది అడుగుతుంటారు. ఇంటి యజమాని పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి ఆ లైను తట్టుకుంటుందో లేదో చూస్తారు. తర్వాత మేం పలకలు బిగిస్తాం. లైను నుంచి ఇంటికి వచ్చే కరెంటునూ, ఇంటి నుంచి లైనుకు పోయే కరెంటునూ కొలిచే నెట్ మీటరు వాళ్లు పెడతారు. చివరికి యజమాని పలకల పక్కన నిలబడిన ఫోటో ఎక్కిస్తే, తనిఖీ ముగిశాక రాయితీ అతని ఖాతాలో పడుతుంది. ఆ రోజు నేను వేరుశెనగ రైతు ఓబులేసు ఇంటికి వెళ్లింది ఆ ఫోటో కోసమే.

ఇల్లంతా చుట్టాలు. మనవరాలిని ఉయ్యాలలో వేసే వేడుక. ముందురోజు గాలికి వీధి స్తంభం మీద తీగ అతుకు ఊడిపోయి, చివరనున్న ఓబులేసు ఇంటికీ నరసమ్మ ఇంటికీ కరెంటు పోయింది. కరెంటు పోతే పైనున్న సోలార్ కూడా దానంతటదే ఆగిపోతుంది, ఎండ మండుతున్నా సరే. అలా ఆగకపోతే ఇంటి కరెంటు తీగల్లోకి ఎదురెక్కి, మరమ్మతు చేసే మనిషిని కొడుతుంది. ఈ సంగతి చుట్టాలకు ఎక్కలేదు.

"ఏం బావా, మిద్దె మీద అంత ఎండ పెట్టుకోని మమ్మల్ని విసనకర్రలతో విసురుకోమంటావా" అని వియ్యంకుడి తమ్ముడు ఎగతాళి చేశాడట. ఓబులేసుకు రోషం వచ్చింది. రాయితీ వర్తించని బ్యాటరీ ఇన్వర్టరు ఒకటి అంతకుముందే కొని, తెలిసిన వాడితో ఇంటి బోర్డుకు తగిలించి పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదు. దాన్ని ఆన్ చేశాడు. అది ఇచ్చే కరెంటు చూసి, లైను వచ్చిందనుకుని సోలార్ కూడా మొదలైంది. ఇంటిని బయటి తీగ నుంచి విడదీసే మెయిన్ స్విచ్ మాత్రం తీయలేదు. కరెంటు బయటి తీగలోకి పాకి నరసమ్మ ఇంట్లో బల్బు వెలిగించింది.

నేను వీధిలోకి పరుగెత్తాను. "బాషన్నా, తీగ ముట్టుకోవద్దు. ఇండ్ల పక్క కరెంటు ఉండాది."

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ స్విచ్ నేనే తీసి వచ్చినా గదా మేడమ్. యాడ నుంచి వస్తాది?"

"ఓబులేసు ఇంట్లో నుంచి."

బాషా చెయ్యి వెనక్కి తీసుకుని, నడుముకున్న టెస్టర్ తీగకు ఆనించాడు. వెలిగింది. నేను లోపలికి వెళ్లి మెయిన్ స్విచ్ తీసేసి, సోలార్‌నూ ఇన్వర్టరునూ ఆపించాను. అతను మళ్లీ పరీక్షించుకుని, రెండువైపులా తీగలను భూమికి కలిపి ఎర్త్ చేసి, అతుకు వేసి దిగాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఈ వంటలు నీ మనవరాలి ఉయ్యాలకా, నా దినానికా?" అన్నాడు.

ఓబులేసు ముఖంలో నెత్తురు లేదు. "తప్పైంది బాషా. గాలి కోసం జేసినా, అంతే."

"నీ గాలికి నా గాలి పోయేది" అనేసరికి ముందు నరసమ్మ నవ్వింది, తర్వాత వీధంతా నవ్వింది. ఓబులేసు తల్లి బాషాను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, "ముందు నువ్వే ఊపు నాయనా" అని ఉయ్యాల తాడు చేతికిచ్చింది. తర్వాత అతను ఓళిగలు, అదే బొబ్బట్లు, తిన్న తీరు చూసి చుట్టాలు విసనకర్రల సంగతే మరిచారు.

ఇన్వర్టరు తీగ ఊడదీయించాకే ఫోటో తీశాను. మొదటి ఫోటోలో బిడ్డతో సహా అందరూ, బాషా కూడా పలకల పక్కన నిలబడ్డారు. పోర్టల్‌కు ఓబులేసు ఒక్కడు చాలు గనుక ఇంకొకటి తీయాల్సి వచ్చింది. కొన్ని వారాలకు రాయితీ పడిందని అతనే ఫోన్ చేసి చెప్పాడు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా రాయితీ మాట ఎత్తకముందే, కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగాలో చెప్పేదాన్ని. కొందరు అసలు సోలారే వద్దనుకున్నారు. పెట్టించుకున్న వాళ్లు మాత్రం బోర్డు జోలికి పోలేదు.

ఆ ఉయ్యాల వేడుక మర్నాడు పొద్దున అన్నం తినేటప్పుడు మా ఇంట్లో కరెంటు పోయింది. పిల్లలు గోల మొదలుపెట్టారు. "ఫ్యాన్ ఆగిందంటే ఎవరో ఒకాయన స్తంభం ఎక్కి ఉండొచ్చు. ఆయన దిగేదాకా మనం చెమటతోనే తిందాం" అని చెప్పాను.