చెప్పులు తొడుక్కునేంత చీకటి

చీరాలలో మా బట్టల కొట్టు గుమ్మం బయట చెప్పులు విడిచే చోటు ఒకటి ఉండేది. మా వ్యాపారమంతా అక్కడే జరిగేదని నా నమ్మకం. బేరం కుదరక ఎవరైనా ఒకావిడ లేచి వెళ్ళిపోతుంటే నాన్న తల ఎత్తేవాడు కాదు. పరిచిన చీరలు ఒక్కొక్కటే మడత పెట్టుకుంటూ కూర్చునేవాడు. ఆవిడ గుమ్మం దాటి, ఒక చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం కాలితో వెతుక్కుంటున్నప్పుడు, అప్పుడు, "అమ్మా, ఒక్కమాట" అనేవాడు. ముందే పిలిస్తే అలుసు. ఆలస్యమైతే ఆవిడ ఎదురు కొట్టు మెట్లెక్కేస్తుంది.

ఆ విద్య నాకు అబ్బింది, కొట్టు అబ్బలేదు. చివరికి సింగపూర్‌లో వీడియో గేములు చేసే ఒక చిన్న కంపెనీలో తేలాను. అక్కడ నేను కల్పించిన ఆట కూడా బట్టల కొట్టులో బేరమే. ఆడేవాళ్ళు కొనేవాళ్ళు, యంత్రం కొట్టువాడు. ఆట నడిచే పాత కన్సోల్‌కు కొట్టునూ వీధినీ ఒకేసారి మోసే శక్తి లేదు. గుమ్మం దాటగానే తెర నల్లబడి, వీధి సిద్ధమయ్యేదాకా అలాగే ఉండేది. ఆ లోటు కప్పిపుచ్చడానికి చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు పెట్టాను. చీకట్లో ఆ టపటప, పిలుపు వస్తుందో రాదో తెలియని గుబులు. జనం సరిగ్గా ఆ చోటికే పడిపోయారు. మెచ్చుకోళ్ళన్నీ నేనే పుచ్చుకున్నాను, యంత్రానికి వాటా ఇవ్వలేదు.

ఆ తర్వాత కొత్త కన్సోల్ వచ్చింది. ఆటను దాని మీదికి తెమ్మన్నాడు, మాకు డబ్బు పెట్టే పబ్లిషర్. పాతదాని మీద కుదరనిది ఏదో ఒకటి అందులో చూపించాలి, అదీ షరతు. ఆయనకు నచ్చకపోతే కంపెనీ మూత. కంపెనీతోపాటే నా వర్క్ పాస్. నేనూ, మా ఆవిడా, అమ్మాయీ ఆ పాస్‌ను పట్టుకునే ఈ ఊళ్ళో ఉన్నాం. అమ్మాయికి ఇది ఓ లెవెల్స్ సంవత్సరం, మన పదో తరగతి పరీక్షల్లాంటివి.

కొత్త యంత్రాన్ని చూసి అందరికంటే మురిసింది నేనే. చీర కుచ్చిళ్ళు గాలికి కదిలాయి. కొట్టువాడి నుదుట చెమట మెరిసింది. గుమ్మంలోంచి చూస్తే వానలో తడుస్తున్న వీధి, ఎదురు కొట్టు దీపాలు. అన్నీ ఒకేసారి కళ్ళ ముందు ఉన్నాక ఇక చీకటి ఎందుకు? తీసేశాం. దాంతోపాటే చెప్పుల చప్పుడూ పోయింది.

ఒక సాయంత్రం చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్‌లో అమ్మాయి చేతికిచ్చి ఆడమన్నాను. బేరమాడింది, లేచింది, గుమ్మం దాటింది. దాటీ దాటగానే కొట్టువాడు "అమ్మా, ఒక్కమాట" అన్నాడు. పక్కున నవ్వింది.

"అయ్యో, దిస్ అంకుల్ సో డెస్పరేట్ లా!"

"ఇంకోసారి ఆడు తల్లీ. ఈసారి నెమ్మదిగా వెళ్ళు."

"ఎందుకు నాన్నా? ఎలాగూ పిలుస్తాడు కదా."

కంట్రోలర్ సోఫా మీద పడేసి లేచి వెళ్ళిపోయింది. అమ్మాయిని ఎవరూ వెనక్కి పిలవలేదు.

పిలుపు ఆలస్యంగా వచ్చేలా మార్చి చూశాను. అప్పటికే ఆడేవాళ్ళు వానలో ఎదురు కొట్టు చూస్తూ నిలబడుతున్నారు. కొట్టువాడు ఆగి చూసేలా చేశాను. ఆట ఇరుక్కుపోయిందనుకున్నారు. ఏం చేసినా బేరం బతకలేదు. కొత్త యంత్రం వస్తే కొత్త ఆట పుడుతుందంటారు. మా దగ్గర ఉన్నది కాస్తా చచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సెంబవాంగ్‌లో మా బాస్ ఇంటికి వెళ్ళాను. ఆయన హైదరాబాదీ, ఇంట్లో దఖ్ఖనీ ఉర్దూ, నాతో తెలుగు.

"చీకటి మళ్ళీ పెడదాం భాయ్," అన్నాను.

"దిమాగ్ ఖరాబైందా మియా? తొందరగ అయితదనే కదా జనం కొత్త మిషన్ కొన్నరు. నువ్వేమో లేట్ అమ్ముతనంటవ్."

"కొత్త ఫ్రిజ్ కొన్నంత మాత్రాన పచ్చడి కొత్తదవుతుందా?"

"ఫ్రిజ్జే లేకుంటే ఐస్‌క్రీమ్ ఎట్ల అమ్ముతవ్, చెప్పు?"

ఎక్కడో ఎవరో ఈ యంత్రంతో ఐస్‌క్రీమ్ చేస్తూనే ఉంటారు. మేం పాత పచ్చడినే అందులో పెట్టి గడ్డకట్టించాం.

"కొత్తగ ఏం చేసిండ్రని పబ్లిషర్ అడిగితే, పాతదాంట్ల ఉన్నదే అని చెప్పాల్నా?"

"మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను."

"నువ్వు చెప్తే ఇద్దరం టికెట్లు కొనుక్కోవాలె. చాయ్ తాగు."

తాగలేదు. లేచాను. "అయితే ఈ ఆటలో నా పేరు తీసెయ్యండి భాయ్. రేపట్నుంచి నేను రాను."

ఊడేది నా పాసే, ఆయనది కాదు. పుట్టినప్పటి నుంచి పిలిచేవాడి పక్కన కూర్చున్నవాణ్ణి, లేచి వెళ్ళేవాళ్ళ వైపు ఎప్పుడూ నిలబడలేదు. అయినా ఆయన తల ఎత్తకుండా చాయ్ కప్పులు ఒకదాంట్లో ఒకటి పేర్చడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయనకూ తెలుసు ఈ విద్య!

బయట కారిడార్‌లో షూ తొడుక్కోవడానికి కూర్చున్నాను. లేసులున్నవి వేసుకొచ్చింది ఇందుకే. మొదటిది నింపాదిగా కట్టాను. లోపల కుళాయి విప్పిన చప్పుడు. రెండోదాని ముడి ఎంత నెమ్మదిగా వేయవచ్చో అంత నెమ్మదిగా వేశాను. కుళాయి కట్టేశారు.

"మియా!"

వెంటనే తిరిగితే అలుసు. ఒక్క ఊపిరి ఆగి, "ఏంటి భాయ్?" అన్నాను.

"గేటు దగ్గరకెయ్. పిల్లి ఉరుకుతది."

గేటు వేశాను. మళ్ళీ కూర్చుని, రెండో షూ లేసు విప్పి, మొదటినుంచి కట్టుకోవడం మొదలుపెట్టాను.