అమ్మవారి చీర, బుడ్డల పొట్టు

గంగాధరప్ప తన కాలికి ఇరుకైన చెప్పులను ఒక ఏడాదంతా తొడుక్కున్నాడు. ధర్మవరం సంతలో బేరమాడి కొన్నప్పుడు "కాలికి అచ్చు పోసినట్లుండాయి" అని నలుగురి ముందు అనేశాడు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. మానిన బొబ్బ మీదే కొత్త బొబ్బ లేచేది. భార్య హనుమంతమ్మ రోజూ వెన్న రాసేది. మగ్గం ముందు కూర్చుంటే గంగాధరప్ప అంత ఓపికైన మనిషి ఆ వీధిలో మరొకడు లేడు. కానీ తనకు తెలిసింది గోరంతైనా ఊరంతా వినాలి, తాను తప్పింది కొండంతైనా ఒక్కరికీ తెలియకూడదు.

పంతొమ్మిది వందల ఎనభై అయిదులో ఆ గుణమే ఆయన ఇంటి గోడలోకి దూరింది.

ఆ ఊరు బత్తలపల్లెకు దగ్గర. నేతగాళ్ళది ఒకటే వీధి, ఇంటింటికీ ఒక గుంత మగ్గం, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసేది. ఉగాది వెళ్ళాక తమ అమ్మవారు చౌడమ్మకు జ్యోతుల పండగ చేస్తారు. ఆ నాడు అమ్మవారికి కట్టే పట్టుచీరను ఏడాదికొక ఇంట్లో వంతు ప్రకారం నేస్తారు. వంతు వచ్చిన ఇంటికి కట్టుబాట్లుంటాయి. నేసేవాడు నీచు తినకూడదు, ఆకువక్క ముట్టకూడదు. చీర మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో పురుగును కూడా చంపకూడదు. పని మధ్యలో ఆగినా, చీరకు మచ్చ పడినా ఆ ఇంటికి వంతు పోతుంది, మళ్ళీ రాదు. గంగాధరప్ప నాయన ఆ వంతు కోసం ఎదురుచూస్తూనే కన్నుమూశాడు. కొడుకుకు ఆ యేడు వచ్చింది.

వానలు లేక బావిలో చేద అడుక్కి తగిలి మోగుతున్న కాలం. మగ్గం గది గోడ వెంబడి, బయటివైపు, గంగాధరప్పకు చిన్న మడులుండేవి: వంగ, టమేటా, అమ్మవారి దండకని పెంచుతున్న కనకాంబరాలు. స్నానాల నీళ్ళే వాటికి ఆధారం. పోసిన నీళ్ళను ఎండ అక్కడికక్కడే తాగేసేది. మొదళ్ళ చుట్టూ నేలను దేనితోనైనా కప్పితే తడి నిలుస్తుందని రేడియోలో ఎవరో చెప్పగా విన్నాడు. దేనితో కప్పాలో వినేలోపు రేడియోలో బ్యాటరీ అయిపోయింది.

మొదట వేపాకు పరిచాడు. మధ్యాహ్నం గాలి లేచి, ఆ ఆకంతా పక్కింటి గోవిందప్ప సంగటి తట్టలో పడింది. వరిగడ్డి తెద్దామంటే హనుమంతమ్మ అడ్డం పడింది. "ఎద్దులు ఎముకల గూడు మాదిరి ఉండాయి, నువ్వు గడ్డి నేలకేస్తావా? ఊర్లో తలెత్తుకుని తిరగొద్దా?" ఆ తర్వాత వంకలోంచి గులకరాళ్ళు మోసుకొచ్చి పేర్చాడు. అవి పెనంలా కాగి టమేటా మొక్కల్ని మాడ్చాయి. అడిగినవాళ్ళకు మాత్రం "ఈ వేడి వేరుకు మంచిది లేప్పా" అని చెప్పాడు, ఆఖరి మొక్క తల వాల్చేదాకా.

చివరికి రహంతుల్లా బండి కనిపించింది. బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచే మిషన్ దగ్గర మిగిలిన పొట్టును ఇటుకల బట్టీకి తోలడం అతని పని.

"రహంతుల్లా, ఆ పొట్టు రెండు గోనెలు ఈడ పోసిపో."

"ఏం జేస్తావన్నా? పులుసు పెడతావా?"

"చెట్ల మొదళ్ళకు కప్పుతా."

"చెట్లకు దుప్పటా? మొన్న సలికి నేను వణుకుతాంటే ఒగరూ కప్పలేదే." రహంతుల్లా నవ్వుతూ పొట్టు కుమ్మరించి, ఖాళీ గోనెలు దులిపి బండిలో వేసుకున్నాడు. "గోనెలు మాత్రం ఇయ్యనన్నా. ఈ పొట్టుతో కింద పెడితే తెల్లారేసరికి గోనెకు అడుగుండదు. నేలలో ఏముండాదో, తినేస్తాది."

ఆ మాటకు గంగాధరప్ప కూడా నవ్వాడు. ఆయనది ధారాళమైన చెయ్యి. మడిలో చీలమండలదాకా పరిచి, మిగిలింది వృథా ఎందుకని గోడకు మోకాలెత్తున ఎగదోశాడు.

పొట్టు పని చేసింది. చెంబెడు నీళ్ళు పోస్తే మూడోనాటికి కూడా అడుగున మన్ను చల్లగా ఉంది. కనకాంబరాలు విరగబూశాయి. దారినపోయే ప్రతివాణ్ణీ గంగాధరప్ప ఆపేవాడు. "ఏలు పెట్టి సూడప్పా. తడి ఉండాదా, లేదా?" కులపెద్ద అయిన గోవిందప్ప కూడా వంగి వేలు పెట్టాడు. తర్వాత రహంతుల్లా బండి వీధిలో ఇంటింటి ముందూ ఆగింది. నెల తిరక్కుండానే ప్రతి మగ్గం గోడకూ పొట్టు కుప్ప ఆనుకుని ఉంది, అన్నీ మోకాలెత్తునే.

మంచి రోజు చూసి అమ్మవారి చీర పడుగును, అంటే నిలువు పోగుల్ని, మగ్గానికి ఎక్కించారు. పసుపు పట్టు, ఎర్ర అంచు. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున గంగాధరప్ప గది లోపలి గోడ మీద సన్నటి ఎర్రమట్టి గీత చూశాడు. కిందినుంచి పైకి, నరం ఉబ్బినట్లు. గోటితో గీరితే లోపల తెల్లటివి కదిలాయి.

చెదలు.

నోటికొచ్చిన కేకను మింగేశాడు. ఎవరికి చెప్తాడు? అమ్మవారి చీర నేసే ఇంటికి చెద పట్టిందని తెలిస్తే వంతు నిలుస్తుందా? పొట్టు మహిమ వీధికంతా చాటిన నోటితో ఇదెలా చెప్పడం? చెదల మందు చల్లుదామంటే చంపకూడదాయె. భుజం మీది తువ్వాలును తడిపి ఆ గీతను నెమ్మదిగా తుడిచేశాడు. మరునాడు అదే చోట మళ్ళీ ఉంది, ఇంకాస్త పొడుగ్గా. అది ఇరుకు చెప్పుల బొబ్బలాగే, మానిన చోటే లేచింది.

రోజూ తుడవడం, రోజూ లేవడం. ఒకనాడు హనుమంతమ్మ తువ్వాలును ఎండలో పట్టుకుని చూసింది.

"ఏమప్పా, ఈ ఎర్రమరకలేంది? ఆకువక్క నముల్తాండావా?"

గంగాధరప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. చేయని తప్పు ఒప్పుకోవడమే సుఖమనిపించింది. "ఒగే ఒగ తూరి. నోరు ఊరుకోలేదు."

"అమ్మోరి చీర మీద కూచోని? ఏదీ, నోరు తెరువు."

ఆయన తెరిచాడు. నాలుక తెల్లగా ఉంది. హనుమంతమ్మ ఆ నోటిలోకి చాలాసేపు చూసింది, తువ్వాలు వైపు ఒకసారి చూసింది. దాన్ని బకెట్‌లో నానేసింది. ఆమె అలా ఊరుకోవడం ఆయనకు చివాట్ల కన్నా భయం కలిగించింది.

ఆ మధ్యాహ్నం ఆయన, అడ్డపోగు దాటించే నాడెను పక్కన పెట్టి గుంతలో కాళ్ళు చాపుకున్నాడు. చిటపటమని చప్పుడు. ఎండుటాకుల మీద తొలి చినుకులు పడుతున్నట్లు. ఒళ్ళు పులకరించింది. "హనుమంతీ, చినుకులు పడతాండాయి," అంటూ పరుగున బయటికొచ్చాడు. ఆకాశం సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది. నేల మీద ఒక్క చుక్క లేదు. వాకిట్లో ఆరేసిన తువ్వాలు కట్టెలా బిగుసుకుంది. తిరిగి లోపలికి వచ్చి నిలబడితే చప్పుడు ఇంకా వినిపిస్తోంది. పైనుంచి కాదు. మగ్గం గుంజలోంచి.

ఆ సాయంత్రం బయటికి పోయి గోడ దగ్గరి పొట్టును చేత్తో పక్కకు జరిపాడు. అడుగున అన్నం ఉడుకుతున్నట్లు నేలంతా తెల్లగా కదులుతోంది. ఎండ తగిలితే అవి చస్తాయి. అమ్మవారి చీర ఇంకా సగమే అయింది. జరిపిన పొట్టునే దోసిళ్ళతో తెచ్చి, పసిబిడ్డకు కప్పినట్లు మళ్ళీ కప్పాడు. లేచి చూస్తే గుమ్మంలో హనుమంతమ్మ నిలబడి ఉంది.

"కప్పి వచ్చినావా?"

"కప్పితి."

"అయితే రా, సంగటి సల్లారతాది."

అప్పటినుంచి ఆయన నేత చూసి వీధి ఆశ్చర్యపోయింది. తెల్లవారకముందే కూర్చుంటే పొద్దు గుంకేదాకా లేచేవాడు కాదు. "గంగాధరకు అమ్మ తోడొచ్చినాది" అన్నాడు గోవిందప్ప. నాడె కొట్టినప్పుడల్లా గుంజ అడుగునుంచి చిటికెడు పొడి రాలి గంగాధరప్ప కాలివేళ్ళ మధ్య పడేది. అది చీర మీదికి ఎగరకుండా పాదం ముడుచుకుని నేశాడు. మట్టిగీతలు గోడ దిగి గుంతలోకి వచ్చాయి, గుంతలోంచి గుంజ మీదికి ఎక్కాయి. ఒకరోజు అంచు దగ్గర, పట్టుకు బెత్తెడు దూరంలో, తడి ఇంకా ఆరని మట్టి కనిపించింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మగ్గం దిగి పోయినంతసేపట్లో అది ఎంత ముందుకు పాకుతుందోనని.

పండగనాడు పొద్దున్నే చీర పూర్తయింది. గోవిందప్ప పళ్ళెం పట్టుకుని వచ్చాడు. వీధిలోని నేతగాళ్ళంతా గుమ్మం దగ్గర గుమిగూడారు. గంగాధరప్ప పడుగు కోసి, చీర మడిచి, రెండు చేతులా పళ్ళెంలో పెట్టాడు. గోవిందప్ప మగ్గం పక్కనే కూర్చుని, మడతలు విప్పి వెలుతురులో ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు. ఎక్కడా మచ్చ లేదు.

"మీ నాయన సూడాల్సింది," అంటూ ఆయన చీరను మళ్ళీ మడిచి పెట్టి, పళ్ళెం ఒక చేతిలోకి మార్చుకుని, లేవడానికి మగ్గం గుంజను పట్టుకున్నాడు. చెయ్యి మణికట్టుదాకా లోపలికి పోయింది. గుంజ నిలువునా పొడిగా రాలి గుంతలో పడింది. ఆ పొడిలో తెల్లటివి కదిలాయి.

హనుమంతమ్మ పళ్ళేన్ని అందుకుని పక్కన పెట్టింది. "ఆకువక్క అంటివే," అంది మొగుడితో, మెల్లగా.

గంగాధరప్ప వీధివాళ్ళ ముఖాలు చూశాడు. జన్మలో మొదటిసారి ఆ మాట గొంతు దాటింది. "నేను తప్పు సేసినానప్పా. పొట్టు మంచిదే, గోడకు ఎగదోసింది నా తెలివితక్కువ. మీరంతా నన్ను జూసి ఏసినారు. ఈ పొద్దే తీసేయండి, మీ మగ్గాలు సూసుకోండి."

"మా ఇంట్లో యాముండాది లేప్పా," అన్నాడు గోవిందప్ప తొందరగా. "మా గోడలు గట్టియి." చెమట పట్టిందో ఏమో, భుజం మీది తువ్వాలుతో నుదురు తుడుచుకున్నాడు. నుదుటి మీద అడ్డంగా ఎర్రమట్టి అంటుకుంది. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకరిద్దరు తమ భుజాల మీది తువ్వాళ్ళను తీసి చంకలో దాచుకున్నారు.

పండగ కనుక ఆ రోజు వీధిలో ఒక్క మగ్గమూ ఆడలేదు. ఏడాదిలో వీధి నిశ్శబ్దంగా ఉండేది ఆ ఒక్కరోజే. చీర పళ్ళెం ముందు నడుస్తుంటే అందరూ వెనక నడిచారు. గంగాధరప్ప ఉత్తకాళ్ళతో ఆఖరున నడిచాడు. రెండు వైపులా ఇళ్ళలోంచి చినుకులు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా.

ఒక్కరూ తలెత్తి ఆకాశం వైపు చూడలేదు.