మామ మూడో అర

నగరిలో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, పవర్‌లూమ్ చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. గళ్ల కాగితం మీద ఏళ్ల తరబడి గీసి, ఆ తర్వాత కంప్యూటర్‌కు మారినవాడు. ఆ పాత కంప్యూటర్ నత్తలా నడుస్తోందని, నేను తయారుచేసిన విండో మేనేజర్‌ను అందులో ఎక్కించాను. తెర మీద విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. అంకె నొక్కితే ఆ నంబరు వర్క్‌స్పేస్, అంటే ఆ విండోలున్న తెర, వచ్చి నిలుస్తుంది. మామ వాటిని అరలనేవాడు. మొదటి అరలో చీరలు నేయించే షావుకారు మెసేజీలు, రెండులో గీస్తున్న అంచు, మూడులో ఖాయమైనది, నాలుగులో పిచ్చి గీతలు. మూడు నొక్కడం, మగ్గానికి డిజైన్ అందించే జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టేవాడికి పంపడం. తెర వైపు సరిగ్గా చూసేవాడే కాదు, చేతికి అంత అలవాటు.

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఖాళీ అర కనిపిస్తే నాకు ఒళ్లు మంట. ఖాళీ అయినదాన్ని తీసేసి, వెనకవి ముందుకు జరిగేలా రాశాను. కొత్త కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించే బిల్డ్ పద్ధతి కూడా మార్చాను. మునుపు నగరి వెళ్లి నా చేత్తో ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు నేను తిరుపతిలో కోడ్ మారిస్తే చాలు, మామ కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట తానే ఆ మార్పు తెచ్చుకుని, బిల్డ్ చేసి ఎక్కించుకుంటుంది. టెస్టులన్నీ పాసయ్యాయి. మామకు ఒక్క ముక్క చెప్పాలని మాత్రం తోచలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొన్నాళ్లకు మామ ఫోన్ చేశాడు.

"కొంప మునిగిందబ్బా. ఖాయం సేసిన అంచు బదులు పిచ్చి గీతలది పంపినాను. అట్టలు కొట్టేసినారు, సీరలు నేసేసినారు. షావుకారు అన్నీ తిప్పి పంపినాడు. నా కండ్లు పోయినాయి."

వింటుండగానే నాకు అర్థమైంది. గీసిన అంచు మూడుకు వెళ్లగానే రెండో అర ఖాళీ అయింది. మూడు రెండైంది, నాలుగు మూడైంది. చెప్పానా? లేదు. "కాస్త సూసుకోవాల గదా మామా" అన్నాను. ఛీ, ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో! ఫోన్ పెట్టేసి, దొంగలా ఆ మార్పును వెనక్కి తీసేశాను.

మామ గీయడం మానేశాడు. అత్త ఎంత పోరినా కంప్యూటర్ ముందు కూర్చోలేదు. మూడు నెలలకు ఆమె బలవంతం మీద కళ్లు చూపించుకోవడానికి తిరుపతి వచ్చాడు. నేనే వెంట వెళ్లాను. చూపు బ్రహ్మాండంగా ఉంది, కళ్లజోడు కూడా మార్చక్కర్లేదు అన్నాడు డాక్టరు. హమ్మయ్య అనుకున్నాను.

బయటికి రాగానే మామ ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు.

"కండ్లు బాగుండాయంట. అట్లయితే తలకాయే సెడిందబ్బా. మా నాయనకూ ఇట్లే మొదలైంది. ఆఖర్న మగ్గం యాడుండాదో కూడా ఆయనకు తెలీలేదు. మీ అత్తకు సెప్పొద్దు."

అప్పుడు చెప్పాను. అరలు జరిపింది నేనేనని, ఫోన్‌లోనే నాకు తెలిసిపోయిందని, అంతా. మామ నన్ను కొడితే బాగుండనిపించింది.

"సీరలు పోతే పోయినాయిలే," అన్నాడు. "దినామూ తెల్లార్తో లేసి ఇంట్లో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే సెప్పుకుంటా ఉండినాను, మర్సిపోలేదు గదా అని. మూడు నెల్లు."