మేడ మీద గీసిన మైదానం

నా రాత బాగుండదు, తప్పులుంటే మన్నించండి. మా ఇంటి ఓనరు తాతగారు పోయారు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని కాలనీ పెద్దలు అడిగారు. నలుగురి ముందు నాకు నోరు పెగలదు. అందుకే రాసి ఇస్తున్నాను.

తాతగారిది కోస్తా. మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. పెళ్లయి ఎల్బీనగర్‌లో ఆయన పైవాటాలో కిరాయికి దిగిన కొత్తలో ఆయన ఎదురైతే తల దించుకుని పోయేదాన్ని.

ఆయనకు గోల్ఫ్ అంటే ప్రాణం. ఊరికి ఆ చివర టికెట్టు కొని ఎవరైనా ఆడుకునే మైదానం ఉంది. వెళ్లే ముందురోజు మేడ మీద ముగ్గుపిండితో ఆ మైదానం బొమ్మ గీసేవారు. గుంతకొక చుక్క, నీళ్లున్న చోట గీతలు, ఇసుక ఉన్నచోట పిడికెడు పిండి. గాలి ఎటు వీస్తుందో తువ్వాలు ఎత్తి చూసేవారు. బంద్ ఉందా అని పేపరు చూసి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సు దొరుకుతుందా అని మా ఆయన్ను అడిగేవారు.

"ముందు ఎక్కడ నిలబడాలో చూసుకోవాలమ్మాయ్. కొట్టడం తర్వాత," అనేవారు.

ఈ బొమ్మ సంగతి నాకింకా తెలియని రోజుల్లో ఒకసారి బట్టలు ఆరేయడానికి వెళ్తే మేడ మీద చుక్కలు, గీతలు సగంలో ఆగి ఉన్నాయి. ఎవరో ముగ్గు మధ్యలో వదిలేశారనుకున్నాను. సగం ముగ్గు ఇంటికి మంచిది కాదని మెలికలు తిప్పి పూర్తి చేశాను. తాతగారు వచ్చి చూసి నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది.

"అది మా మైదానం బొమ్మ. మా ఆట అక్కడే ఆగిపోయిందమ్మా, అందుకే అంతవరకే గీశాను."

ఆయనతో ఎప్పుడూ ఆడేది కొత్తపేటలో బట్టల దుకాణం నడిపే పెద్దాయన. మా వైపు అలాంటి పెద్దల్ని కాక అంటాం. ఆట మధ్యలో ప్రత్యేక రాష్ట్రం మాట వచ్చి, మాటా మాటా పెరిగి, ఎవరి దారిన వాళ్లు వచ్చేశారట. తాతగారు ఫోన్ చేస్తే కాక పెట్టేస్తున్నాడట.

"నువ్వు అడగవా అమ్మా? మీ వైపు మనిషే."

ఫోన్ అందుకున్నాను. "కాకా, నేను ఓనరు తాత ఇంట్ల కిరాయికుంట. ఆదివారం ఆటకు ఒస్తరా అని అడగమన్నరు."

"గాయనకు నోరు లేదా?"

పెట్టేద్దామనుకున్నాను. తాతగారు నా ముఖమే చూస్తున్నారు.

"ఉన్నది కాకా. మీరు ఫోన్ పెట్టేస్తరని భయం."

"ఆదివారం బందున్నది, ఎర్కలేదా ఆయనకు? సోమారం పొద్దుగాల స్కూటరేస్కొస్త. టోపీ మర్వొద్దను."

సోమవారం మధ్యాహ్నం స్కూటరు కంటే ముందు వాళ్ల అరుపులే వీధిలోకి వచ్చాయి. రాష్ట్రం గొడవ తెగలేదు. ఆట మాత్రం చివరి గుంతదాకా ఆడి వచ్చారు. "ఈ పిల్ల లేకపోతే నీ మొహం చూసేవాణ్ణి కాదు," అన్నారు తాతగారు. "నీ మొహం జూసెతందుకు నేనొచ్చిన్నా?" అన్నాడు కాక.

ఇప్పుడు దవాఖానలో, బ్యాంకులో నా పని నేనే అడుగుతున్నాను. ముందు ఎక్కడ నిలబడాలో చూసుకుంటాను. అది ఆయన పెట్టిన భిక్ష.

పెద్దకర్మ అయ్యేదాకా వాకిట్లో ముగ్గు వేయలేదు. ఈరోజు పొద్దున వేశాను, ఆయన మైదానమే. కాక వచ్చి గేటు దగ్గర ఆగాడు. చెప్పులు విప్పి, గీతల పక్కనుంచి నడిచి, చివరి చుక్క దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

చదివాక ఈ కాయితం కాల్చేయండి, నాకు సిగ్గు. వాకిట్లో ముగ్గు మాత్రం ఈ ఒక్కరోజు ఎవరూ ఊడవకండి.