చివరి పేజీలో పిలుపు

ప్రచురణ సంస్థలో అచ్చుతప్పులు దిద్దే ఆవిడను అందరూ ఎర్రపెన్ను అంటారు. కళ్లజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోదు. అక్షరం కింద గోరు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది. ఈమధ్య వచ్చే నవలలన్నీ ఒకటే తంతు: పాత ఇల్లు, పాత పెట్టె, అందులో ఇంటి గుట్టు. "ఎవరి గుట్టు వాళ్లు కడుపులో పెట్టుకోరాదూ, జనానికెందుకో!" అని విసుక్కుంటుంది.

ఇవాళ ఆమె బల్లమీదికొచ్చింది చెల్లెలి మొదటి నవల. ఆ చెల్లెలు తన కడుపున పుట్టిందేనని ఎర్రపెన్నుకూ, చనిపోయిన వాళ్లమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లికాకుండా పుట్టిన పిల్లను వాళ్లమ్మ తన బిడ్డేనని చెప్పి పెంచింది. కన్నతల్లి అక్కయి కూర్చుంది. నవల చివరి పేజీలో కథానాయిక, మంచాన పడ్డ అక్క చెయ్యి పట్టుకుని "అమ్మా" అంటుంది. గోరు ఆ మాట కిందే ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. చాలాసేపటికి ఆ మాట కొట్టేసి, పక్కన "అక్కా" అని రాసింది. సాయంత్రం చెల్లెలు వచ్చి, పేజీలు తిప్పుతూ అక్కడ ఆగింది.

"ఇది నేను కావాలనే రాశాను. తప్పంటావా?"

"తప్పే. అక్కను పట్టుకుని అమ్మా అంటారా ఎవరైనా?" అంది ఎర్రపెన్ను, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

చెల్లెలు ఆమె మొహంలోకే చూసింది. తర్వాత కాగితాలు సర్దిపెట్టి, "అయితే నువ్వు దిద్దినట్టే వెయ్యమను, అక్కా" అని వెళ్లిపోయింది.